‘ఆ బైబిలు రాసింది నేనే’: సీనాయి ప్రతి మీద 1862 నాటి వివాదం

1862 సెప్టెంబరు 3న లండన్‌లో ‘గార్డియన్’ అనే వారపత్రిక ఒక ఉత్తరం అచ్చు వేసింది. ఇది ఇవాళ మనకు తెలిసిన గార్డియన్ కాదు, ఇంగ్లండు చర్చి వర్గాలు చదివే వేరే పత్రిక. రాసినవాడు కాన్‌స్టాంటిన్ సిమోనిదెస్ అనే గ్రీకు. ప్రపంచంలోకెల్లా పాత బైబిలు ప్రతుల్లో ఒకటని యూరప్ పండితులంతా సంబరపడుతున్న సీనాయి ప్రతి అసలు పాతదే కాదనీ, 1839, 1840 ప్రాంతాల్లో గ్రీసులోని ఆథోస్ కొండ మీద కూర్చుని తానే రాశాననీ ఆ ఉత్తరంలో చెప్పాడు. తన యౌవనంలో చేసిన పనుల్లో నాసిరకమైన పని అదొక్కటేనని కూడా అన్నాడు.

ఫోర్జరీ కేసులు సాధారణంగా ఒకే దారిలో నడుస్తాయి. ఒకడు నకిలీ తెస్తాడు, అసలుదని ప్రమాణం చేస్తాడు, పండితులు పట్టుకుంటారు. ఇక్కడ అంతా తలకిందులైంది. నకిలీలు తయారుచేస్తాడని అప్పటికే పేరుపడ్డ మనిషి ఒక అసలు ప్రతిని చూపించి ఇది నా నకిలీ అంటున్నాడు. దొంగ వచ్చి నేను దొంగతనం చేశానని ఒప్పుకుంటే నమ్మాలా వద్దా? ఏణ్ణర్ధం పాటు ఇంగ్లిషు పత్రికలు ఈ ప్రశ్న చుట్టూ తిరిగాయి. జవాబు దొరికిన తీరు ముఖ్యం. మనిషి గుణాన్ని బట్టి వ్రాతప్రతి వయసు తేల్చలేమని, తేల్చాల్సింది ప్రతిని బట్టేనని ఈ వివాదం చూపించినంత స్పష్టంగా మరొకటి చూపించలేదు.

ముందు ఆ ప్రతి ఎలా బయటపడిందో చూడాలి. జర్మనీకి చెందిన కాన్‌స్టాంటిన్ టిషెన్‌డార్ఫ్ కొత్త నిబంధన పాత పాఠాల కోసం యూరప్ గ్రంథాలయాలన్నీ గాలించి, 1844లో ఈజిప్టు సీనాయి కొండ కింద ఉన్న సెయింట్ కేథరిన్ మఠానికి వెళ్ళాడు. అక్కడ 43 ఆకుల పాత చర్మపత్రాలు సంపాదించాడు. పొయ్యిలో వేయడానికి బుట్టలో పెట్టి ఉంచితే తాను కాపాడానని తర్వాత ఎప్పుడో చెప్పుకున్నాడు. మఠం వాళ్ళు ఆ కథను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆ ఆకుల్ని తన ప్రాంతపు రాజైన సాక్సనీ ప్రభువుకు సమర్పిస్తే అవి లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. 1846లో వాటిని అచ్చు వేశాడు కూడా. కానీ ఎక్కడ దొరికాయో మాత్రం చెప్పలేదు. మిగతా ఆకులు ఇంకా అక్కడే ఉన్నాయని, తాను మళ్ళీ వెళ్ళేలోగా ఇంకొకరు ఎగరేసుకుపోతారని ఆయన భయం. 1853లో వెళ్తే ఒక చిన్న ముక్క తప్ప దొరకలేదు. 1859లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ అండతో మూడోసారి వెళ్ళినప్పుడు 347 ఆకులు చేతికొచ్చాయి. అందులో కొత్త నిబంధన మొత్తం ఉంది. తిరిగి ఇస్తానని రసీదు రాసి ఆ ప్రతిని రష్యాకు తీసుకుపోయాడు. 1862లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి నాలుగు పెద్ద సంపుటాలుగా దాని పాఠం వెలువడింది. అసలు ప్రతి మాత్రం తిరిగి మఠానికి వెళ్ళలేదు. 1869లో మఠం దాన్ని చక్రవర్తికి కానుకగా ఇచ్చినట్టు పత్రాలు పుట్టాయి. ఆ కానుక ఎంత ఇష్టంగా ఇచ్చినదో ఇప్పటికీ తెగని తగాదాయే.

ఈ దాపరికాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఎక్కడ దొరికిందో ఏళ్ళ తరబడి చెప్పకపోవడం, చెప్పినప్పుడు ఒక్కోసారి ఒక్కో వివరం కలపడం, అసలు ప్రతి చూసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే కావడం వల్ల సిమోనిదెస్ చెప్పినలాంటి కథకు చోటు దొరికింది. టిషెన్‌డార్ఫ్ పాండిత్యం మీద ఎంత గౌరవం ఉన్నా, ఆ చోటు ఇచ్చింది ఆయనే అనక తప్పదు.

ఇక సిమోనిదెస్ సంగతి. అతను మామూలు మోసగాడైతే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. గ్రీకు లిపుల్లో దిట్ట. ఏ శతాబ్దపు అక్షరం ఎలా ఉండేదో చేత్తో రాసి చూపించగలడు. ఆథోస్ కొండ మఠాల్లో నిజంగానే కొంతకాలం ఉన్నాడు. అక్కడి నుంచి తెచ్చిన అసలైన ప్రతులు కొన్ని అతని దగ్గర ఉండేవి. అతని పద్ధతి కూడా దాని మీదే ఆధారపడింది: ముందు అసలువి చూపించి నమ్మకం కుదిర్చి, వాటి మధ్యన తన తయారీలు అమ్మేవాడు. ఇంగ్లండులో పేరున్న సేకర్తలే ఆ వలలో పడ్డారు.

పెద్ద దెబ్బ 1856లో తగిలింది. ఉరానియోస్ అనే పాత రచయిత రాసిన ఈజిప్టు రాజుల చరిత్ర అంటూ ఒక ‘చెరిపి రాసిన ప్రతి’ని జర్మనీకి తెచ్చాడు. చర్మం ఖరీదైన రోజుల్లో పాత రాతను గీకేసి దాని మీదే కొత్త గ్రంథం రాసుకునేవారు. అడుగున మసగ్గా మిగిలిన రాతే అలాంటి ప్రతుల్లో విలువైనది. లైప్‌జిగ్ పండితుడు విల్హెల్మ్ డిండార్ఫ్ నమ్మాడు, బెర్లిన్ అకాడమీ కొనడానికి సిద్ధపడింది. తర్వాత సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, అడుగున ఉండాల్సిన ‘పాత’ సిరా పైన ఉండాల్సిన కొత్త అక్షరాల మీదుగా పాకింది. అంటే నిజమైన మధ్యయుగపు పుస్తకం తీసుకుని దాని వరుసల మధ్య పలచటి తుప్పురంగు సిరాతో ‘ఇంకా పాత’ గ్రంథాన్ని ఇరికించాడన్నమాట. సిమోనిదెస్‌ను అరెస్టు చేసి బెర్లిన్ తీసుకెళ్ళారు, కొన్నాళ్ళకు వదిలేశారు. అతని గుట్టు బయటపెట్టినవాళ్ళలో టిషెన్‌డార్ఫ్ ఒకడు. 1862 నాటి ఉత్తరానికి అసలు ప్రేరణ ఆ కక్షేనని ఇంగ్లండులో చాలామంది అనుకున్నారు. ఆ అనుమానం సహేతుకమే.

కానీ ఇదే మనిషి విషయంలో టిషెన్‌డార్ఫ్ ఒకసారి తప్పులో కాలేశాడు. ఈ వివాదంలో అందరూ దాటేసి వెళ్ళే ఘట్టం ఇది. తొలి క్రైస్తవ సంఘాల్లో బాగా చదువుకున్న ‘హెర్మాస్ కాపరి’ అనే గ్రంథం అప్పటిదాకా లాటిన్ అనువాదంలోనే దొరికేది, గ్రీకు మూలం పోయిందనుకున్నారు. సిమోనిదెస్ ఆథోస్ నుంచి దాని గ్రీకు ప్రతిలోవి మూడు ఆకులు, మిగిలిన వాటికి తాను ఎత్తిరాసుకున్న నకలు తెచ్చి లైప్‌జిగ్‌లో అమ్మాడు. ఈ గ్రీకు పాఠం అసలు మూలం కాదని, మధ్యయుగంలో ఎవరో లాటిన్ నుంచి తిరిగి గ్రీకులోకి మార్చిందని టిషెన్‌డార్ఫ్ తీర్పు చెప్పాడు. మూడేళ్ళకు సీనాయి ప్రతి చేతికొచ్చింది. దాని చివర హెర్మాస్ గ్రీకులోనే ఉంది, సిమోనిదెస్ తెచ్చిన పాఠాన్ని సమర్థిస్తూ ఉంది. టిషెన్‌డార్ఫ్ తన మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆథోస్ ప్రతిలోని మిగతా ఆకులు కూడా తర్వాత 1880లో అక్కడే ఒక మఠంలో బయటపడ్డాయి. మోసగాడి సంచీలో అసలు సరుకు ఉండొచ్చు, మహాపండితుడి నోట తప్పు తీర్పు రావచ్చు. అందుకే ‘సిమోనిదెస్ అబద్ధాలకోరు, కాబట్టి సీనాయి ప్రతి అసలుదే’ అన్న వాదన నిలవదు. అప్పట్లో కొందరు అలాగే వాదించి ఊరుకున్నారు కూడా.

సిమోనిదెస్ చెప్పిన కథ ఇది. ఆథోస్‌లోని పాంతెలేమోన్ మఠంలో తన పెదనాన్నో మేనమామో అయిన బెనెడిక్ట్ ఉండేవాడు. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్‌కు మఠం తరఫున ఒక కానుక పంపాలనుకుని, పాత పద్ధతిలో చర్మం మీద రాసిన గ్రీకు బైబిలు అయితే బాగుంటుందని తలచాడు. మఠంలోని లేఖకుడు తన వల్ల కాదన్నాడు. అప్పుడు కుర్రవాడైన సిమోనిదెస్ ముందుకొచ్చాడు. మఠంలో దాదాపు ఖాళీగా ఉన్న ఒక పాత చర్మపు పుస్తకం తీసుకుని, మాస్కోలో అచ్చయిన బైబిలును మూలంగా పెట్టుకుని రాశాడు. పాత నిబంధన, కొత్త నిబంధన, బర్నబా పత్రిక అనే తొలి క్రైస్తవుల నాటి లేఖ, హెర్మాస్ మొదటి భాగం అయ్యేసరికి చర్మం అయిపోయింది, బెనెడిక్ట్ చనిపోయాడు, పని ఆగింది. ఆ పుస్తకం చేతులు మారి సీనాయి మఠానికి చేరింది. 1852లో తాను అక్కడ చూస్తే, ఉండాల్సినదానికంటే పాతదిగా కనిపించిందట, చక్రవర్తికి అంకితం రాసిన పుట మాయమైందట. దీనికి తోడు కల్లినికోస్ అనే సన్యాసి పేరుతో అలెగ్జాండ్రియా నుంచి ఉత్తరాలు వచ్చాయి: సిమోనిదెస్ రాస్తుండగా కళ్ళారా చూశాను, తర్వాత అక్షరాల కొత్తదనం పోవడానికి నిమ్మరసంతో తుడిచారు అని. ఆ కల్లినికోస్ కూడా సిమోనిదెసే అయి ఉంటాడని ప్రత్యర్థులు అనుమానించారు.

కథలో చిన్న చిన్న వివరాలు ఎంత చక్కగా కుదిరాయో గమనించాలి. బర్నబా, హెర్మాస్ ఆ ప్రతిలో ఉన్నాయని అప్పటికే లోకానికి తెలుసు. వాటిని కలుపుకునేలా కథ అల్లాడు. తెలిసిన ప్రతి వివరానికీ అందులో జవాబుంది. తెలియని వివరాల దగ్గరే అది చిరిగిపోయింది.

కేంబ్రిడ్జి గ్రంథాలయంలో పనిచేసిన హెన్రీ బ్రాడ్‌షా 1862 జులైలో లైప్‌జిగ్ వెళ్ళి టిషెన్‌డార్ఫ్ ఇంట్లో ఆ ప్రతిని స్వయంగా చూశాడు. 1863 జనవరిలో గార్డియన్‌కు ఉత్తరం రాశాడు. తాను బతికి ఉన్నానన్నది ఎంత నిశ్చయమో ఈ ప్రతి పాతదన్నదీ తనకు అంత నిశ్చయమని అన్నాడు. వేల ప్రతులు చేత్తో తిరగేసినవాడి కంటికి ఒక నమ్మకం ఉంటుంది. దాన్ని తీసిపారేయలేం. కానీ ‘నేను చూశాను, నాకు తెలుసు’ అన్నది చూడనివాళ్ళకు రుజువు కాదు. అచ్చయిన పాఠాన్ని అక్షరం అక్షరం చదివి కారణాలు చెప్పింది ఫ్రెడరిక్ స్క్రివ్‌నర్ అనే ఇంగ్లిషు పండితుడు. ఆయన 1864లో ప్రచురించిన పరిశీలనలోనే అసలు వాదన ఉంది.

మొదటిది లేఖక దోషాలు. తాటాకు గ్రంథాల పాఠాంతరాలతో కుస్తీ పట్టిన మన పరిష్కర్తలకు ఇది బాగా తెలిసిన జబ్బు. దగ్గర దగ్గరగా రెండు వరుసలు ఒకే మాటతో ముగిస్తే, ఎత్తిరాసేవాడి చూపు మొదటి మాట నుంచి రెండో మాటకు జారుతుంది, మధ్యలో ఉన్నదంతా ఎగిరిపోతుంది. ఒక్క కొత్త నిబంధనలోనే ఇలాంటి చోట్లు 115 ఉన్నాయని స్క్రివ్‌నర్ లెక్క తేల్చాడు. పదాల మధ్య ఖాళీ లేకుండా, సన్నటి వరుసల్లో రాసిన చేతిప్రతిని చూసి రాస్తే చూపు ఇలా జారుతుంది. పదాలు విడగొట్టి, వచనాల సంఖ్యలు వేసి అచ్చు వేసిన పుస్తకం ముందు పెట్టుకుని, చక్రవర్తికి కానుకగా రాసేవాడు ఇన్నిసార్లు జారడం నమ్మదగ్గది కాదు.

రెండోది పాఠమే. మాస్కో అచ్చు బైబిలులో ఉండేది గ్రీకు సంఘం శతాబ్దాలుగా వాడుతున్న పాఠం. సీనాయి ప్రతి పాఠం అది కాదు. మార్కు సువార్త పదహారో అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. మిగతా పన్నెండు వచనాలు లేవు. యోహాను సువార్తలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ లేదు. ఇలాంటి తేడాలు పుటపుటకూ ఉన్నాయి. చాలాచోట్ల అవి వాటికన్‌లో ఉన్న మరో పాత ప్రతితో కలుస్తాయి. పాత ప్రతులతో పోల్చి అచ్చు పాఠాన్ని దిద్దుకున్నామని సిమోనిదెస్ అన్నాడు. కానీ ఇంత లోతైన మార్పులు చేయాలంటే అప్పటికి ఎవరూ చేయని పాఠపరిష్కరణ పని ఆ కుర్రవాడు ఒంటరిగా చేసి ఉండాలి. చేసినా, ప్రార్థనల్లో వినే కథలనే తీసేసిన బైబిలును ఒక సనాతన మఠం చక్రవర్తికి కానుకగా ఎందుకు పంపుతుంది?

మూడోది చేతులు. ఈ ప్రతి ఒక్క చేతి రాత కాదు. టిషెన్‌డార్ఫ్ నలుగురు లేఖకులన్నాడు. 1938లో బ్రిటిష్ మ్యూజియం పండితులు మిల్న్, స్కీట్ ముగ్గురని తేల్చారు. అక్షరాల ఆకారాల్లో తేడా కంటే ఆసక్తికరమైనది వర్ణక్రమంలో తేడా. ఒకడు దాదాపు తప్పుల్లేకుండా రాస్తాడు, ఇంకొకడు చెవికి ఎలా వినబడితే అలా రాసిపడేస్తాడు. ఆ ఒకరి తప్పులు ఇంకొకరి పుటల్లో కనబడవు. సిమోనిదెస్ కథ నిజమైతే, ఒకే కుర్రవాడు ముగ్గురిలా రాయడమే కాదు, వందల పుటల పాటు ముగ్గురిలా తప్పులు కూడా చేయాలి. ఆపైన దిద్దుబాట్లు. పుటకు సగటున ముప్ఫై దాకా ఉంటాయి. రాసినప్పుడే చేసినవి కొన్ని, శతాబ్దాల తర్వాత వేరే సిరాతో వేరే చేతులు చేసినవి మరెన్నో. ఎజ్రా, ఎస్తేరు గ్రంథాల చివర ఒక దిద్దుబాటుదారు, క్రీస్తుశకం నాలుగో శతాబ్దం మొదట్లో చెరసాల పాలై హతసాక్షి అయిన పాంఫిలస్ స్వయంగా సరిచూసిన ప్రతితో దీన్ని పోల్చానని రాసుకున్నాడు. ఇన్ని తరాల చదువరుల జాడలు ఒక్కడి బుర్రలో పుట్టవు.

పని పరిమాణం మాట కూడా అప్పట్లో గట్టిగానే వినిపించింది. అతని పక్షాన లండన్‌లో వెలువడిన జీవితచరిత్ర ప్రకారం అతను పుట్టింది 1824లో. అంటే రాయడం మొదలుపెట్టేసరికి పదిహేనేళ్ళు. ఆనాటికి దొరికిన 390 ఆకులనే తీసుకుంటే 780 పుటలు, పుటకు ఎక్కువగా నాలుగు నిలువు వరుసలు, వరుసకు 48 పంక్తులు. మొత్తం దాదాపు లక్షా యాభై వేల పంక్తులు. ఏడాదిలో అసాధ్యమని ప్రమాణం చేయలేం గానీ, పై మూడు కారణాల పక్కన పెడితే ఇది బలహీనమైన వాదన. సిమోనిదెస్ వేగంగా రాయగలడు, అది అందరూ చూశారు.

అదే సమయంలో లివర్‌పూల్ నుంచి ఇంకో ముచ్చట నడుస్తోంది. అక్కడ జోసెఫ్ మేయర్ అనే సేకర్త దగ్గరున్న పపైరస్ చుట్టల్ని విప్పుతూ, మత్తయి చెబుతుండగా నికొలావు అనే పరిచారకుడు రాసిన మత్తయి సువార్త ముక్కలు దొరికాయని సిమోనిదెస్ ప్రకటించాడు. 1863లో లండన్ రాయల్ సొసైటీ ఆఫ్ లిటరేచర్ ముందు పరీక్షకు వచ్చి అవి నకిలీవని తేలాయి. ఆ తర్వాత అతని మాటకు ఇంగ్లండులో విలువ పోయింది. 1867లో అలెగ్జాండ్రియాలో చనిపోయాడని వార్త వచ్చింది. ఆ తర్వాత కూడా రష్యాలో చూశామన్నవాళ్ళున్నారు.

1933లో డబ్బు అవసరమైన సోవియట్ ప్రభుత్వం ఆ ప్రతిని బ్రిటిష్ మ్యూజియానికి లక్ష పౌండ్లకు అమ్మింది. అందులో సగానికి పైగా జనం చందాలే.

వివాదం ముగిసిన వందేళ్ళకు, ఎవరూ దాని కోసం వెతకకుండానే, మరికొన్ని రుజువులు వచ్చాయి. 1975లో సెయింట్ కేథరిన్ మఠంలో ఉత్తరపు గోడ దగ్గర మూసుకుపోయిన ఒక గది తెరిస్తే వ్రాతప్రతుల గుట్టలు బయటపడ్డాయి. అందులో సీనాయి ప్రతివి 12 ఆకులు, మరికొన్ని ముక్కలు. వాటిలో హెర్మాస్ కూడా ఉంది. అదీ టిషెన్‌డార్ఫ్‌కు దొరికిన భాగం దాటి, గ్రంథంలో చాలా ముందుకు పోయిన చోటు. చర్మం అయిపోయి హెర్మాస్ మొదటి భాగంతో ఆపేశానని సిమోనిదెస్ చెప్పింది, టిషెన్‌డార్ఫ్ లోకానికి చెప్పినది అక్కడితో ఆగింది కాబట్టి. రాసినవాడికి తాను ఎక్కడ ఆపాడో తెలియకపోదు. లోకానికి తెలిసినదాన్ని చూసి కథ అల్లినవాడికి మాత్రం తెలిసే వీల్లేదు.

ఇంకో రెండు సాక్ష్యాలున్నాయి. 1761లో ఇటలీకి చెందిన వితాలియానో దోనాతి ఈ మఠం చూసి, పెద్దవి, పలచనివి, చతురస్రాకారంలో ఉన్న అందమైన చర్మపు ఆకుల మీద గుండ్రటి అక్షరాలతో రాసిన బైబిలు ఒకటి చూశానని దినచర్యలో రాసుకున్నాడు. ఆ దినచర్య 1879లో గానీ అచ్చు కాలేదు. ఆ వర్ణన ఈ ప్రతికి అతికినట్టు సరిపోతుంది. రెండోది 2009లో దొరికింది. మఠం పుస్తకాల బైండింగులను అధ్యయనం చేస్తున్న గ్రీకు పరిశోధకుడు నికోలస్ సారిస్‌కు, 18వ శతాబ్దంలో కట్టిన ఒక పుస్తకం అట్ట లోపల ఆ పెద్ద గుండ్రటి అక్షరాలు కనిపించాయి. యెహోషువ గ్రంథంలోని ముక్క అది. పాత పుస్తకాల వృథా చర్మాన్ని కొత్త అట్టలకు దన్నుగా అంటించడం బైండర్ల అలవాటు. అంటే సిమోనిదెస్ పుట్టక ముందే ఈ బైబిలు కొంత చిరిగి చిత్తు కింద వాడుకలోకి వచ్చేసింది.

ఇన్ని తెలిశాక కూడా ఇంటర్నెట్‌లో సిమోనిదెస్ కథ మళ్ళీ తిరుగుతోంది. లైప్‌జిగ్ ఆకులు తెల్లగా, లండన్ ఆకులు పసుపుగా ఉన్నాయి కాబట్టి ఎవరో రంగు వేశారని కొందరి వాదన. 1844 నుంచి ఆ రెండు భాగాలూ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. వేర్వేరు గ్రంథాలయాల్లో వేర్వేరు దీపాల కింద ఫోటోలు తీశారు. లండన్ భాగం సీనాయి నుంచి కైరో, పీటర్స్‌బర్గ్, లండన్ దాకా ప్రయాణం చేసి, 1935లో కొత్త బైండింగుకు వెళ్ళింది. తెరమీది రంగు చూసి చర్మం వయసు చెప్పడం కుదరదు. ఈ వాదన చేసేవాళ్ళలో ఎక్కువమందికి అసలు కష్టం మార్కు చివరి వచనాలతోనే. తాము చిన్నప్పటి నుంచి చదివిన వాక్యం ఒక పాత ప్రతిలో లేదంటే విశ్వాసికి కలిగే బాధ నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఆ బాధకు మందు 115 చోట్ల జారిన చూపును, ముగ్గురి వర్ణక్రమాన్ని, అట్టలోని యెహోషువ ముక్కను లేవని అనడం కాదు.

ప్రతిని తెచ్చి అందరి ముందూ పెట్టండి, అందులో నా గుర్తులు చూపిస్తానని సిమోనిదెస్ ఆనాడు సవాలు చేశాడు. అప్పట్లో అది జరగలేదు. 2009 జులై నుంచి లండన్, లైప్‌జిగ్, పీటర్స్‌బర్గ్, సీనాయి గ్రంథాలయాలు నాలుగూ కలిసి మిగిలిన ప్రతి ఆకునూ ఇంటర్నెట్‌లో ఉంచాయి. నేరుగా పడే వెలుతురులో ఒక ఫోటో, ఏటవాలు వెలుతురులో ఇంకొకటి. ఏటవాలు వెలుతురులో చర్మం ముడతలు, లేఖకులు గీసుకున్న గీతలు, గీకి దిద్దిన చోట్లు పైకి తేలి కనిపిస్తాయి.